చొక్కా మీద డీజిల్ పడితే ఏది మేలు: గిన్నెల లిక్విడా, వంట సోడానా, వెనిగరా?

పెట్రోలు అయితే అంత టెన్షన్ అక్కర్లేదు. బండి ట్యాంకు నిండిపోయి ప్యాంటు మీద నాలుగు చుక్కలు చిందినా, బయట గాలికి ఆరేస్తే చాలా మటుకు ఆవిరైపోతుంది. డీజిల్ అలా కాదు. బరువైన నూనె, తొందరగా ఆరదు, నూలు పోగుల్లోకి ఇంకి కూర్చుంటుంది. ట్రాక్టరుకు క్యానుతో డీజిల్ పోసే ఇంట్లో పెరిగినవాణ్ణి కాబట్టి ఆ వాసనతో నాకు పాత పరిచయమే. అమ్మ ఆ చొక్కాల్ని మిగతా బట్టలతో కలిపి నానబెట్టనిచ్చేది కాదు. ఒక్కసారి పొరపాటున కలిపితే దుప్పట్లు కూడా డీజిల్ కంపు కొట్టాయి.

మొదట వంట సోడా సంగతి. అందరూ చెప్పేది ఇదే: బకెట్ నీళ్ళలో అర కప్పు కలిపి రాత్రంతా నానబెట్టమని. వాసన తగ్గుతుంది, నిజమే. కానీ చొక్కా ఆరి, ఎండలో కాస్త వేడెక్కగానే మళ్ళీ గుప్పుమంటుంది. ఎందుకంటే వాసన వేరు, మరక వేరు కాదు. గుడ్డలో మిగిలిన నూనే ఆ వాసన. నూనె పోకుండా వాసనను మాత్రమే పంపాలంటే కుదరదు.

వెనిగర్‌దీ అదే కథ. పుల్లటి ఘాటుతో డీజిల్ వాసనను కాసేపు కప్పేస్తుంది, జిడ్డును మాత్రం కదిలించలేదు. ఇక సోడా, వెనిగర్ రెండూ కలిపి పోసేవాళ్ళున్నారు. బుసబుసా నురగ వస్తుంటే ఏదో జరుగుతోందనిపిస్తుంది. నిజానికి అవి ఒకదాన్నొకటి చంపుకుంటున్నాయి, చివరికి మిగిలేది ఇంచుమించు ఉప్పు నీళ్ళు.

నా ఓటు గిన్నెలు తోమే లిక్విడ్‌కే. జిడ్డును పట్టి నీళ్ళలోకి లాగడమే దాని పని. కాకపోతే వాడే పద్ధతి ఉంది. ముందు పాత గుడ్డతో మరకను అద్దాలి, రుద్దితే ఇంకా పాకుతుంది. పైన టాల్కం పౌడరో శనగపిండో చల్లి ఇరవై నిమిషాలు ఆగి దులిపేయాలి. అప్పుడు నీళ్ళు తగలకముందే, పొడి గుడ్డ మీదే లిక్విడ్ పోసి వేళ్ళతో మెత్తగా రుద్ది, పావుగంట తర్వాత గోరువెచ్చని నీళ్ళతో జాడించాలి. డీజిల్‌కు ఒక్కసారితో సరిపోదు, రెండు మూడు సార్లు పడుతుంది. ఆ తర్వాత సోడా నీళ్ళలో నానబెడితే మిగిలిన కాస్త వాసనకు పనికొస్తుంది.

కుంకుడుకాయ రసం? పట్టుచీరకు బంగారమే, డీజిల్ ముందు మాత్రం నా చేతిలో ఓడిపోయింది. మెకానిక్కుల్ని చూసి కిరోసిన్‌తో తుడిచేవాళ్ళూ ఉన్నారు. గ్రీజు కరుగుతుంది, కాని ఆపైన కిరోసిన్‌ను వదిలించుకోవాలి, పైగా నిప్పు భయం. బ్లీచింగ్ జోలికి అసలు పోవద్దు: నూనెను తీయదు, వెనిగర్ తగిలితే విషవాయువు వదులుతుంది.

పెట్రోలుతో తడిసిన బట్టను మాత్రం వెంటనే మెషీన్‌లో వేయకండి, డ్రయ్యర్‌లో అసలే వద్దు. ఆవిరి అంటుకోగలదు. పొయ్యికీ దీపానికీ దూరంగా, ఆరుబయట తీగ మీద వేసి, వాసన పోయేదాకా ఆగి, చేత్తోనే ఉతకండి. డీజిల్ అయినా మరక పూర్తిగా పోయిందని తేలేదాకా ఇస్త్రీ చేయకండి, వేడికి జిడ్డు మరింత గట్టిగా పట్టుకుంటుంది. తేల్చుకోవడం సులువే: తడిగా ఉన్నప్పుడు కాదు, పూర్తిగా ఆరాక ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. ఇంకా వాసన వస్తే మళ్ళీ లిక్విడే.

పట్టు, ఉన్ని, ఖరీదైన కోటు అయితే ఇవేవీ చేయకుండా డ్రై క్లీనింగ్‌కు ఇవ్వడం మంచిది. ఇచ్చేటప్పుడు పడింది డీజిలో పెట్రోలో తప్పకుండా చెప్పండి. చెప్పకుండా మడతపెట్టి ఇచ్చేస్తే వాళ్ళకూ ప్రమాదమే.