కట్టె స్టాక్ ఎయిర్ రైఫిల్‌కు టార్క్ స్క్రూడ్రైవర్: చాన్నాళ్లు వాడినంక

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు గోదాములో పది మీటర్లు కొలుచుకుని మేం కొందరం ఎయిర్ రైఫిల్ ప్రాక్టీస్ చేస్తాం. నాది బీచ్ కట్టె స్టాక్ (తుపాకీని పట్టి ఉంచే కట్టె భాగం) ఉన్న స్ప్రింగ్ రైఫిల్, అంటే లోపలి స్ప్రింగ్ పిస్టన్‌ను తోస్తే ఆ గాలి ఒత్తిడికి పెల్లెట్ అనే చిన్న గుండు బయటికి పోయేది. దానికి వాడే 1 నుంచి 6 న్యూటన్ మీటర్ల (తిప్పే బలానికి కొలత) క్లిక్ స్క్రూడ్రైవర్, అంటే పెట్టుకున్న బిగువు రాగానే క్లిక్‌మనే టార్క్ స్క్రూడ్రైవర్ గురించే ఈ సమీక్ష.

స్ప్రింగ్ రైఫిల్‌లో పిస్టన్ ముందుకు ఉరికేటప్పుడు తుపాకీ వెనక్కి తంతుంది, పిస్టన్ ఆగగానే ముందుకు గుంజుతుంది. ఈ కుదుపుకు స్టాక్ స్క్రూలు వాటంతట అవే వదులవుతాయి. నిన్న ఒకే రంధ్రంలో దిగిన పెల్లెట్లు ఇవాళ చెదిరితే మనోళ్లు ముందు స్కోపును తిడతారు. అలెన్ కీ పెట్టి చూస్తే ముందు స్క్రూ పావు చుట్టు తిరుగుతుంది!

మరి అలెన్ కీతోనే బలంకొద్దీ బిగిస్తే? కట్టె ఓర్చుకోదు. స్క్రూ తల కింది వాషర్ లోపలికి దిగబడి చుట్టూ పాలిష్ వెంట్రుకవాసి చీలుతుంది. పైగా ఇవాళ్టి బిగువు రేపు రాదు. ఈ పనిముట్టుకు పెట్టిన డబ్బంతా ఆ ఒకే బిగువు కోసమే.

2 దగ్గర మొదలుపెట్టి అర న్యూటన్ మీటర్ చొప్పున పెంచుతూ, ఒక్కో బిగువుకు ఐదేసి పెల్లెట్ల గ్రూపులు (ఒకే గురికి కొట్టిన రంధ్రాల గుంపు) కొట్టి చూశా. 2.5కూ 3కూ నడుమ, 2.8 దగ్గర గ్రూపు దగ్గరపడింది. అంటే దాదాపు 25 ఇంచ్ పౌండ్లు. అది నా తుపాకీ లెక్క, మీది మీరే వెతుక్కోవాలి. కట్టె స్టాక్ బదులు అల్యూమినియం చాసిస్‌లో (లోహపు చట్రంలో) పెద్ద బోల్ట్ రైఫిళ్లకు 65 ఇంచ్ పౌండ్లు పెట్టడం మామూలే, ఆ అంకె చూసి కట్టెకు పెట్టారో స్టాక్ మీద ఆశ వదులుకోండి. మరలకు నూనె తగిలినా అదే అంకెకు బిగువు ఎక్కువవుతుంది, తుడిచి పెట్టండి.

మన ఎండలకు కట్టె కుంచించుకుపోతుంది. మే నెలలో అదే 2.8కి స్క్రూ ఇంకాస్త తిరిగినంకే క్లిక్‌మంటుంది. వానలు పడ్డాక కట్టె ఉబ్బుతుంది కాబట్టి మొత్తం వదులుచేసి, రెండు స్క్రూలనూ మార్చి మార్చి కొద్దికొద్దిగా మళ్లీ బిగిస్తా.

లోపాలు లేకపోలేదు. దాంతో వచ్చిన బిట్లు మెత్తటి ఇనుము, అంచులు తొందరగా అరిగాయి. విడిగా మంచివి కొన్నా. పిడి మీద అంకెలు చెమటకు మాసిపోయాయి. 1.5 లోపు క్లిక్ మరీ మెత్తన, నేను నమ్మను. మిల్లు ఆడుతుంటే అసలు వినపడదు, చేతికే తెలియాలి. పనయ్యాక సెట్టింగ్ 1కి దించి పెట్టకపోతే లోపలి స్ప్రింగ్ బలం తగ్గుతుంది.

పీసీపీ (ముందే గాలి నింపుకుని కొట్టే రైఫిల్) వాళ్లకు ఆ కుదుపు ఉండదు, అంత అవసరం పడదు. స్ప్రింగ్ రైఫిల్ ఉంటే మాత్రం కొనండి, పెల్లెట్ల డబ్బా అయిపోయినప్పుడల్లా ఒకసారి తిప్పి చూడండి.