ఏడేళ్ళుగా వేస్తున్న చీటీ: సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్ బ్యాలెట్

స్కాట్లండ్‌లో సెయింట్ ఆండ్రూస్ ఊళ్ళో ఉన్న గోల్ఫ్ మైదానం ఓల్డ్ కోర్స్ గురించి కొత్తగా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. గోల్ఫ్ ఆడేవాళ్ళకి ఆ పేరు చాలు, ఆడనివాళ్ళు కూడా ఆ చిన్న రాతి వంతెన ఫోటో ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. నేను రాస్తున్నది అక్కడ ఆడటానికి టైము దొరికించుకునే పద్ధతి గురించి, అంటే బ్యాలెట్ గురించి. 2017లో ఉద్యోగం మీద ఎడిన్‌బరాకి వచ్చినప్పటి నుంచి వేస్తున్నాను. దాని మీద నాకు పిచ్చి ప్రేమ. తెలిసినవాళ్ళు ఎవరు స్కాట్లండ్ వస్తామన్నా, ఆడతారా లేదా అని కూడా అడగకుండా దీని గురించి అరగంట చెప్పేవాణ్ణి. 2024 జూన్‌లో బావ వాళ్ళు వచ్చి వెళ్ళాక కొంచెం తగ్గించాను.

మనవాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పాలంటే ఇది తిరుమల ఆర్జిత సేవల లక్కీ డిప్. ఆడాలనుకున్న రోజుకి రెండు రోజుల ముందు, మధ్యాహ్నం 2 గంటల లోపు, ఇద్దరి నుంచి నలుగురి వరకు పేర్లు, ఎవరు ఏ క్లబ్బులో ఆడతారో, హ్యాండిక్యాప్‌లు (ఆట స్థాయి చెప్పే అంకె, తక్కువుంటే మంచి ఆటగాడు) ఆన్‌లైన్లో ఇవ్వాలి. సాయంత్రానికి ఫలితం వస్తుంది. తగిలితేనే డబ్బు కడతాం, తగలకపోతే పైసా పోదు. ఆదివారం ఓల్డ్ కోర్స్‌లో ఆట ఉండదు కాబట్టి సోమవారానికి శనివారమే వేసుకోవాలి.

నాకు నచ్చింది ఇందులోని సమానత్వం. ఆ నేల ఏ ప్రైవేటు క్లబ్బుదీ కాదు. 1894లో పార్లమెంటు చేసిన చట్టంతో ఊరి చేతికి వచ్చింది, 1974 నుంచి ఒక ట్రస్టు చూసుకుంటోంది. అందుకే అక్కడ సభ్యత్వం ఉందా, ఎవరి తాలూకు అని అడిగేవాళ్ళు ఉండరు. హ్యాండిక్యాప్ 36 లోపు ఉంటే చాలు, పేరు ఇవ్వొచ్చు. ఎమ్మెల్యే లెటర్లు చెల్లని లక్కీ డిప్ అన్నమాట. ఇలా చెప్పుకుంటూ తిరిగేవాణ్ణి గానీ, లెటర్లు చెల్లకపోయినా డబ్బు చెల్లుతుంది. హోటలు, వేరే కోర్సులు కలిపి ముందే ఖాయమైన టైముతో అమ్మే ప్యాకేజీలు ఉన్నాయి. వాటికి పోయే టైములు బ్యాలెట్‌లోకి రావు. ఈ సంగతి నాకు మొదటి నుంచీ తెలుసు, చెప్పేటప్పుడు మాత్రం కాస్త మింగేసేవాణ్ణి.

ఆ మింగడానికీ ఒక కారణం ఉంది. వచ్చిన రెండో ఏడు మా ఆఫీసులో ఒకతను ఒక ట్రావెల్ ఏజెంటు దగ్గర "ఓల్డ్ కోర్స్ ప్యాకేజీ" అని తీసుకున్నాడు. తీరా వచ్చాక చూస్తే ఏజెంటు చేసిందల్లా అతని పేరు బ్యాలెట్‌లో వేయడమే. నేను ఫోన్లో రెండు నిమిషాల్లో ఊరికే చేసే పనికి అతను కొన్ని వందల పౌండ్లు ఎక్కువ ఇచ్చాడు. "బ్యాలెట్‌కు లోబడి" అని నాలుగో పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉందట. అప్పటి నుంచి ఏజెంట్లంటే నాకు పడదు, బ్యాలెట్ అంటే ప్రాణం. మీకు ప్యాకేజీ కావాలంటే ఆ ఒక్క మాట ఎక్కడుందో ముందు వెతకండి. అసలు ఖాయమైన టైము అయితే తేదీ, గంట కాగితం మీద రాసి ఇస్తారు.

నా లెక్క చెబుతాను. ఏడేళ్ళలో 31 సార్లు వేశాను, 6 సార్లు తగిలింది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ ఆరింటిలో నాలుగు అక్టోబరు చివర్లోనో ఏప్రిల్ మొదట్లోనో తగిలినవి. ఒకటి నవంబరులో. నవంబరు నుంచి మార్చి దాకా ఫెయిర్‌వే (గుంత దాకా వెళ్ళే పొట్టి గడ్డి దారి) మీద బంతి ఎక్కడ పడితే అక్కడ చిన్న చాప వేసి, దాని మీద పెట్టి కొట్టాలి, గడ్డి పాడవకుండా. వేల మైళ్ళు వచ్చినవాడికి ఆ చాప చూపిస్తే ఏమంటాడో ఆలోచించండి. ఎండాకాలంలో నాకు తగిలింది ఒకే ఒక్కసారి.

ఇక బావ విషయం. ఆయన హైదరాబాద్‌లో, గోల్కొండ కోట గోడల పక్కన కోర్సులో ఇరవై ఏళ్ళుగా ఆడుతున్నారు. హ్యాండిక్యాప్ 22. రిటైరయ్యేలోపు ఒక్కసారి ఓల్డ్ కోర్స్‌లో ఆడాలని కోరిక. ప్యాకేజీ తీసుకుందామా అని జనవరిలోనే ఫోన్ చేశారు. "బావా, మీరు టికెట్లు వేసుకోండి చాలు, మిగతాది నేను చూసుకుంటా" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. బావ, అక్క, బావ స్నేహితుడు గురువారం దిగారు. నేను, మా కొలీగ్ ఒకడు కలిస్తే నలుగురం ఆటగాళ్ళం. బుధవారం తిరుగు విమానం. అంటే శుక్ర, శని, సోమ, మంగళ, నాలుగు చీటీలు. నాలుగులో ఒకటైనా తగలదా అనుకున్నాను.

శుక్రవారానిది వాళ్ళు ఇంకా హైదరాబాద్‌లో ఉండగానే పోయింది, అది చెప్పలేదు. శనివారానిది కారులో వస్తుంటే పోయింది. ఆ రెండు రోజులూ పక్కనే ఉన్న న్యూ కోర్స్, జూబిలీ ఆడాం. ఇవి ముందే బుక్ చేసుకోవచ్చు, నేను చేసి పెట్టుకున్న ఒకే ఒక్క తెలివైన పని అదే. న్యూ కోర్స్ పేరుకే న్యూ, 1895 నాటిది. అక్కడి నేల చూసి బావకి మతిపోయింది. ఇసుక నేల, గట్టిగా ఉంటుంది, బంతి దిగి ఆగదు, గోళీలా దొర్లుతూనే పోతుంది. ఆయన గాల్లోకి ఎత్తి కొట్టిన బంతులన్నీ గాలి పట్టుకుపోయింది. రెండో రోజుకి గ్రీన్ (గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి) ఇంకా ముప్పై గజాలు ఉండగానే పటర్ (బంతిని నేల మీద దొర్లించే కర్ర) తీయడం నేర్చుకున్నారు. శనివారం మధ్యాహ్నం సముద్రం మీద నుంచి మంచు కమ్ముకొచ్చింది, హార్ అంటారు ఇక్కడివాళ్ళు. జూన్ నెలలో స్వెట్టర్ మీద రెయిన్ జాకెట్ వేసుకుని, ముందు ఆడేవాళ్ళ మాటలు వినిపిస్తే ఆగుతూ ఆడాం.

రోజూ సాయంత్రం నాలుగయ్యేసరికి నలుగురం ఫోన్లు పట్టుకుని ఇంటర్ రిజల్ట్స్ కోసం చూసినట్టు చూడటం. సోమవారానిది పోయాక బావ స్నేహితుడు నాతో మాట్లాడటం తగ్గించారు. బావ ఏమీ అనలేదు, అదే ఎక్కువ టెన్షన్. అక్కే అంది, "ఒరేయ్, తిరుపతిలో మూడుసార్లు వేస్తే మాకు తగల్లేదు. నీకేం తెలుసని మా జాతకం మీద పందెం కాశావురా?"

ఆదివారం మాత్రం నేను ఊహించని రోజు. ఆట లేని రోజు కదా, ఓల్డ్ కోర్స్ ఊరందరి పార్కు అయిపోతుంది. కుక్కల్ని తిప్పేవాళ్ళు, తోపుడు బండ్లలో పిల్లలు. మేమూ మొదటి టీ (ఆట మొదలుపెట్టి బంతి కొట్టే చోటు) నుంచి నడిచాం. పోనూ ఒక దారి, రానూ దాని పక్కనే, చివర్లో గొర్రెల కాపరి కొంకి కర్రలా వంపు. ఒకే గ్రీన్ మీద రెండు జెండాలు, ఆ రెండు హోల్స్ నంబర్లు కలిపితే 18 వస్తుందని బావే అక్కకి లెక్కపెట్టి చూపించారు. పద్నాలుగో హోల్‌లో హెల్ బంకర్ అనే ఇసుక గొయ్యి అంచున నిలబడి చాలాసేపు కిందికి చూశారు. అక్క మాత్రం పద్దెనిమిదో ఫెయిర్‌వేకి అడ్డంగా వెళ్ళే రోడ్డు చూసి, "దీనికోసమా ఇంత దూరం? మన ఊళ్ళో చెరువు గట్టు కింద బీడు ఇలాగే ఉంటుంది" అంది. తప్పేం కాదు, చూడటానికి నిజంగా అలాగే ఉంటుంది.

అక్కకి నచ్చింది వేరే. కోర్సుల పక్కనే ఎత్తుపల్లాల పెద్ద పచ్చిక ఒకటి ఉంది, పటింగ్ మాత్రమే ఆడతారు. 1867లో మొదలైన ఆడవాళ్ళ క్లబ్బుది, ఎవరైనా కొద్ది రుసుము కట్టి ఆడొచ్చు. దాని పేరు హిమాలయాస్. హైదరాబాద్ నుంచి స్కాట్లండ్ వచ్చి హిమాలయాలెక్కాం అని అక్క అందరికీ వీడియో కాల్ చేసింది. జీవితంలో గోల్ఫ్ కర్ర పట్టనిది, బావని మూడు దెబ్బల తేడాతో ఓడించింది. ఇంట్లో ఆడనివాళ్ళు ఉంటే ఇది తప్పకుండా ప్లాన్‌లో పెట్టుకోండి. మా ట్రిప్‌లో ఎవరూ ఫిర్యాదు చేయని భాగం ఇదొక్కటే.

ఆ సాయంత్రమే మంగళవారం చీటీ కూడా పోయింది.

అప్పుడు గుర్తొచ్చింది సింగిల్స్. ఇద్దరో ముగ్గురో ఉన్న జట్టులో ఖాళీ ఉంటే ఒంటరి ఆటగాణ్ణి కలుపుతారు. ఒకప్పుడు దీనికోసం తెల్లవార్లూ బయట క్యూలో నిలబడేవాళ్ళు. 2019లో నేనూ రాత్రి మూడింటికి దుప్పటి కప్పుకుని నిలబడ్డాను, అలిపిరిలో టోకెన్ల కోసం పడిగాపులు పడినట్టే. 2024 నుంచి ఆ క్యూ తీసేసి దాన్నీ డ్రా చేశారు. ముందు రోజు స్వయంగా అక్కడికి వెళ్ళి పేరు ఇచ్చుకోవాలి. సోమవారం పొద్దున నలుగురం వెళ్ళి ఇచ్చాం. సాయంత్రం ఒక్క ఫోనే మోగింది, బావది.

గురువారం నుంచే సింగిల్స్‌లో పేర్లు ఇస్తూ ఉంటే ఒక్కొక్కరికీ ఇంకో రెండు మూడు అవకాశాలు ఉండేవి. "నలుగురం కలిసి ఆడితేనే మజా" అని నేనే ఆ ఊసెత్తలేదు. బ్యాలెట్ మీద ప్రేమ నా కళ్ళకి అడ్డం పడింది, ఇంకేం చెప్పను. బావ స్నేహితుడికి ఇప్పటికీ క్షమాపణ బాకీ ఉన్నాను.

ఆ రాత్రి ఇంకో గండం, హ్యాండిక్యాప్ సర్టిఫికెట్. స్టార్టర్ (జట్లని వరసగా ఆటకి పంపేవాడు) దగ్గర చూపించాలి. బావది వాట్సాప్‌లో ఎక్కడో ఉంది, పెళ్ళి ఫోటోల కింద. పదకొండింటికి దొరికింది. మీరు బయలుదేరేముందే ప్రింటు తీసుకుని బ్యాగులో పెట్టుకోండి.

మంగళవారం ఇద్దరు అమెరికన్ల జట్టులో బావని కలిపారు. మొదటి టీ మీద చేతులు వణికాయట. నేనూ అక్కా పదిహేడో హోల్ పక్కన రోడ్డు మీద గోడకి ఆనుకుని ఎదురుచూశాం. హోటల్ మూల మీదుగా కొట్టాల్సిన షాట్‌ని ఆయన జాగ్రత్తగా ఎడమకి కొట్టారు, తర్వాత రోడ్ బంకర్లో పడ్డారు, మూడు దెబ్బలకి బయటపడ్డారు. పద్దెనిమిదో గ్రీన్ మీద టోపీ తీసి మావైపు ఊపారు. నేను ప్లాన్ చేసిన ట్రిప్‌లో నేను ఓల్డ్ కోర్స్ ఆట చూసింది కంచె ఇవతల నుంచే.

అయినా బ్యాలెట్ మానలేదు. నేను గంటన్నర దూరంలో ఉంటాను, తగలకపోతే ఇంటికొచ్చి అన్నం తింటాను. వీసా, సెలవు, నలుగురి విమానం టికెట్లు, 300 పౌండ్లు దాటిన గ్రీన్ ఫీజు (ఒక ఆటకి కట్టే డబ్బు) పెట్టుకుని వారం రోజులకి వచ్చేవాళ్ళ సంగతి వేరు. వాళ్ళకి ఇప్పుడు నేను చెప్పేది: ముందు న్యూ, జూబిలీ, వీలైతే కొండ అంచున ఉండే కాసిల్ కోర్స్ బుక్ చేసుకోండి. బ్యాలెట్ రోజూ వేయండి, సింగిల్స్ మొదటి రోజు నుంచే ఇవ్వండి. ఓల్డ్ కోర్స్ లేకపోతే ఈ ట్రిప్పే దండగ అనుకునేవాళ్ళయితే, నాకు ఇష్టం లేకపోయినా చెబుతున్నాను, గంట రాసి ఇచ్చే ప్యాకేజీ తీసుకోండి. 2027 జులైలో ఓపెన్ అనే పెద్ద గోల్ఫ్ టోర్నమెంటు మళ్ళీ అక్కడే జరుగుతుంది, ఆ ఏడు వచ్చేవాళ్ళు ముందు కోర్సు క్యాలెండర్ చూసుకోండి.

బావ మళ్ళీ వస్తానంటున్నారు. ఈసారి బుకింగ్ అక్క చూసుకుంటుందట.