ప్రేరీ వ్యూకి 18 డాలర్లు

ముందు మోటెల్ సంగతి చెప్పేస్తాను, లేకపోతే కడుపుమంట చల్లారదు. నెబ్రాస్కాలో ఒమాహా నుంచి, రచయిత్రి విల్లా కేథర్ పెరిగిన ఊరు రెడ్ క్లౌడ్ వెళ్తూ హైవే పక్కన రూమ్ బుక్ చేశాను. మామూలుది 89 డాలర్లు, ‘ప్రేరీ వ్యూ’, అంటే కిటికీలోంచి గడ్డి మైదానం కనిపించేది కావాలంటే ఇంకో 18. ప్రేరీ మీద కవిత చదివి బయల్దేరినదాన్ని, 18 దగ్గర పిసినారితనం ఎందుకని కట్టేశాను. టాక్స్‌తో 120. తెర లాగి చూస్తే తెల్లటి గ్యాస్ ట్యాంకు, పక్కనే టైరు లేని పికప్ ట్రక్కు! కౌంటర్‌లో కుర్రాడు తడుముకోకుండా, ట్యాంకు వెనకాలంతా ప్రేరీయేనన్నాడు. వెనకాల ఉన్నది మొక్కజొన్న చేను. డబ్బు వెనక్కివ్వనన్నాడు. పైగా రూమంతా సిగరెట్ కంపు. మా అత్తయ్య రాత్రంతా కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునే పడుకున్నారు. మీరు వెళ్తే హేస్టింగ్స్‌లో దిగండి. అక్కణ్ణుంచి రెడ్ క్లౌడ్ 40 మైళ్లే.

నేను వెళ్లింది విల్లా కేథర్ కోసం. 1883లో, తొమ్మిదేళ్లప్పుడు వర్జీనియా నుంచి నెబ్రాస్కాకి వచ్చిందావిడ. నవలలతో పేరొచ్చినా మొదటి పుస్తకం మాత్రం కవితలే, 1903లో. 1913లో వచ్చిన నవల ముందు ‘ప్రేరీ స్ప్రింగ్’ అని చిన్న కవిత పెట్టింది. నన్ను లాక్కెళ్లింది అదే. వెయ్యి మంది కూడా లేని ఊళ్లో ఆవిడ ఇల్లు, 1885 నాటి ఆపెరా హౌస్ చూశాం. 1890లో స్కూలు చదువు పూర్తయినప్పుడు ఆవిడ ప్రసంగించింది ఆ హాల్లోనే. గైడ్ ఓపిగ్గా చెప్పింది. మావారికి మాత్రం శనివారం ఫుట్‌బాల్ మ్యాచ్ పోయిందని మొహం గంటు పెట్టుకునే ఉంది.

తిండికి శాకాహారులకు కష్టమే. కేఫ్‌లో గొడ్డుమాంసం లేనిది చీజ్ శాండ్‌విచ్ ఒక్కటే, 8 డాలర్లు. అత్తయ్య పులిహోర మూట కట్టబట్టి బతికాం. కానీ దారిలో ఒక బేకరీలో చెక్ వాళ్ల కొలాచీలు, అంటే మధ్యలో తీపి పెట్టిన బన్నులు దొరికాయి, మూడు 6 డాలర్లు. అత్తయ్య ఓ ముక్క కొరికి ఆగిపోయారు. “ఇవి గసగసాలు కదమ్మాయ్!” ఆ ఆరు డాలర్లకీ ఒక్క పైసా బాధ లేదు.

కారులో కవితను తెలుగులో చెప్పాను. అప్పుడే దున్నిన బరువైన నల్లమట్టి, చాకిరీ చేసే గుర్రాలు, అలసిన మనుషులు, ఉలుకూ పలుకూ లేని ఆకాశం. తర్వాత ఉన్నట్టుండి అడవి గులాబీల్లా భగ్గుమనే యవ్వనం. అత్తయ్యది నంద్యాల పక్క పల్లె. “మన రేగడే ఇది. వాన పడితే కాలు ఊడొస్తుంది, చెప్పు రాదు. అది కూడా రాసిందా?” అన్నారు. రాయలేదు.

ఊరికి దక్షిణంగా కొన్ని మైళ్లు వెళ్తే, ఆవిడ పేరిట కాపాడుతున్న 612 ఎకరాల ప్రేరీ ఉంది. ఎన్నడూ నాగలి పడని నేల. టికెట్ లేదు. సెప్టెంబర్ కాబట్టి గడ్డి ఎర్రబారింది. “గడ్డి చూడ్డానికి ఇంత దూరమా” అని రెండు రోజులుగా సణిగిన అత్తయ్య, ఓ వెన్నును వేళ్ల మధ్య పట్టుకుని చూశారు. మూడు పాయలుగా విచ్చుకుని ఉంది. “కోడికాలు లాగుంది” అన్నారు. ఇక్కడివాళ్లూ దాన్ని టర్కీకోడి కాలనే అంటారు! తర్వాత అరగంట ఆవిడ్ని కారెక్కించలేకపోయాం.

అక్కడ నిలబడ్డాకే నాకు తట్టింది, ఆ కవితలో ఈ గడ్డి లేనేలేదని. ఉన్నదంతా దున్నిన నేల, గోధుమ, కలుపు. ఆ మాట పైకి అనడం నా తప్పు. మావారి మొహం మ్యాచ్ గెలిచినంతగా వెలిగిపోయింది.

“అంటే పొలమే ప్రేరీ అని మీ రచయిత్రే రాసిందన్నమాట. మరి ఆ కుర్రాడన్నదాంట్లో తప్పేముంది?”

“ఆవిడ కవితలో గ్యాస్ ట్యాంకు లేదు,” అన్నాను.