కొబ్బరి నల్లతల గొంగళికి ఏ బదనిక మేలు: గొనియోజస్సా, బ్రాకానా?

కోనసీమలోనైనా ఉద్దానంలోనైనా నల్లతల గొంగళి పట్టిన తోటలో కింది మట్టలు కాల్చినట్టు ఎండిపోతాయి. పురుగు ఆకు అడుగున దారంతో, తన రెట్టతో సొరంగంలాంటి గూడు అల్లుకుని లోపలే ఉండి పచ్చదనం గోకి తింటుంది. చల్లిన మందు దానికి సరిగా తగలదు. ఆ గూట్లోకి దూరి, గొంగళి మీదే బతికి దాన్ని చంపే చిన్న కీటకాలైన బదనికలే అసలు మందు.

నా ఓటు గొనియోజస్ నెఫాంటిడిస్‌కే. ఈ చిన్న నల్ల కందిరీగ ఆడది, మూడో దశ దాటిన గొంగళిని కుట్టి చచ్చుబడేలా చేసి, దాని ఒంటిమీద గుడ్లు పెడుతుంది. పెట్టి వెళ్లిపోదు. పిల్లలు ఎదిగేదాకా అక్కడే కాపలా ఉంటుంది, దగ్గరికొచ్చే వేరే ఆడ గొనియోజస్‌ను తరిమేస్తుంది. ఆ కాపలాలోనే లోటూ ఉంది: ఒక్కో తల్లి కొద్ది పురుగులనే పట్టగలదు. ఒకే మొదట్లో అన్నీ కుమ్మరిస్తే వాటిలో అవే కొట్టుకుంటాయి. చెట్టుకు 20 చొప్పున తోటంతా పంచి వదలాలి.

రెండో బదనిక బ్రాకాన్‌ను, ఇదీ ఓ చిన్న కందిరీగే, పెంచడం తేలిక. బియ్యాన్ని తినే చిలక పురుగు (కోర్సైరా) గొంగళ్లను రెండు గుడ్డల మధ్య పరిచి, వాటి మీద వేలకొద్దీ తయారు చేయొచ్చు. చెట్టుకు 30 వదులుతారు. ఉధృతి ఎక్కువైన తోటలో వెంటనే దెబ్బ తీయడానికి ఇది పనికొస్తుంది. అయితే చాలా రకాల గొంగళ్లను పట్టే జీవి కాబట్టి పక్క పైరు మీదికీ పోగలదు. అందుకే దాన్ని తోడుగా వాడండి, ఒక్కదాని మీదే ఆధారపడకండి.

వదిలే ముందు నాలుగు ఆకులు కోసి చూడండి. గొంగళ్లు మరీ చిన్నవైతే, లేదా ఎక్కువ భాగం ప్యూపాలైతే (గొంగళి తిండి మాని రెక్కల పురుగుగా మారే దశ) ఈ రెండూ వృథా. ప్యూపాకు బ్రాకిమీరియా అనే మరో బదనిక కావాలి. బాగా ఎండిన కింది మట్టలు రెండు మూడు కోసి కాల్చాలి. మందు కొట్టి ఉంటే మూడు వారాలు ఆగాలి.

గొనియోజస్‌లను గొట్టాల్లోనే తేనె చుక్కలు పెట్టి జతకట్టనిచ్చాకే వదలాలి, ఎందుకంటే జతకట్టని ఆడదానికి మగ పిల్లలే పుడతాయి. గొంగళి రెట్ట వాసన ముందే చూపిస్తే పురుగును త్వరగా వెతుక్కుంటాయి. సాయంత్రం పూట చెట్టు మొదట్లోనే వదలండి. మొవ్వులో వదిలితే సాలీళ్లు తినేస్తాయి. రెండు వారాలయ్యాక ఆకులు మళ్లీ కోయండి: చచ్చిన గొంగళి పక్కన చిన్న పట్టుగూళ్లు గుంపుగా కనిపిస్తే బదనిక నిలదొక్కుకున్నట్టే.