లాగోస్‌లో నేటి ఆఫ్రోబీట్: ఎక్కడ దిగాలి, ఎక్కడ వినాలి

ఆఫ్రికా తాళాలను జాజ్, ఫంక్‌లతో కలిపి నైజీరియా గాయకుడు ఫెలా కుటీ రూపొందించిన సంగీతం ఆఫ్రోబీట్. దానిని వినడం కోసమే లాగోస్ వెళ్ళే వారికి నేను ముందుగా చెప్పేది బస గురించి. నైజీరియాలో పనిచేసే మనవాళ్ళను అడిగితే దాదాపు అందరూ విక్టోరియా ఐలాండ్‌లోనో ఇకోయీలోనో దిగమంటారు. అక్కడ భద్రత, సముద్రతీరం, మంచి భోజనశాలలు ఉన్న మాట నిజమే. అయితే ఈ సంగీతానికి నెలవైన ఇకేజా ప్రాంతం నగరానికి ఉత్తరాన, ప్రధాన భూభాగం మీద, విమానాశ్రయానికి దగ్గరగా ఉంది. రెండింటినీ కలిపే థర్డ్ మెయిన్‌లాండ్ వంతెన పొడవు దాదాపు 12 కిలోమీటర్లు. సాయంత్రం వేళ, అక్కడివారు ‘గో స్లో’ అని పిలిచే రద్దీలో చిక్కుకుంటే ఆ ప్రయాణానికి రెండు గంటలు చాలవు. పైగా కచేరీలు అర్ధరాత్రి దాటాకే ముగుస్తాయి కాబట్టి ఆ వేళ వంతెన దాటి వెనక్కి రావడం కంటే ఇకేజాలో ఓ మోస్తరు గది తీసుకోవడమే మేలు.

నేను రెండు చోట్లా ఉండి చూశాను. ఐలాండ్‌లోని అతిథిగృహం అందంగానే ఉంది కానీ, కరెంటు పోయినప్పుడల్లా కిటికీ కిందే జనరేటర్ మోగేది. ఇకేజాలో దొరికిన గది చిన్నదైనా నీళ్ళకు, కరెంటుకు లోటు రాలేదు. ధర కూడా బాగా తక్కువ. ఫోన్‌లో పిలిచే టాక్సీలు రెండు చోట్లా దొరుకుతాయి. రాత్రివేళ కొందరు డ్రైవర్లు బుకింగ్ రద్దు చేసి, చేతికి డబ్బిస్తేనే వస్తామని అడుగుతారు. ఒప్పుకోకుండా మరో బండిని పిలవడమే మంచిది.

ఇకేజాలో ప్రధానంగా చూడవలసినది న్యూ ఆఫ్రికా ష్రైన్. ఫెలా కుటీ 1997లో మరణించిన తరువాత ఆయన పిల్లలు ఫెమీ, యేనీ దీనిని కట్టించి 2000లో తెరిచారు. రేకుల కప్పు కింద పెద్ద హాలు, ప్లాస్టిక్ కుర్చీలు, బీరు, సూయా అనే కారపు మాంసం, గాలిలో గంజాయి పొగ: సౌకర్యాల కోసం వచ్చేవారికి నచ్చే చోటు కాదు. 2018లో ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ వచ్చింది కూడా ఇక్కడికే. నేను వెళ్ళిన కాలంలో ఆదివారం రాత్రి ఫెమీ బృందం ‘పాజిటివ్ ఫోర్స్’ కచేరీ, గురువారం రాత్రి అదే వేదిక మీద వారి సాధన జరిగేవి. సాధనకు ప్రవేశ రుసుము లేదు. నా లెక్కలో సాధనే మిన్న. ఆదివారం జనం నాట్యంలో మునిగిపోతే వాద్యాలను విడివిడిగా వినడం కష్టం. గురువారం మాత్రం రెండు గిటార్లు ఒకదాని ఖాళీలో ఒకటి ఎలా పలుకుతున్నాయో, పూసల వల కప్పిన ఎండు సొరబుర్ర షెకెరె తాళాన్ని ఎలా నిలబెడుతోందో, ఊదుడు వాద్యాలు ఎప్పుడు ఆగి ఎప్పుడు అందుకుంటున్నాయో తీరిగ్గా గమనించవచ్చు. తప్పు వచ్చిన చోట ఫెమీ పాట ఆపి మళ్ళీ మొదటినుంచి వాయింపించేవాడు. 2017లో సాక్సఫోన్ మీద ఒకే స్వరాన్ని 51 నిమిషాలకు పైగా ఆపకుండా నిలిపినది ఇతడే.

గాయకుడు ఓ మాట విసరడం, వెనుక నిలబడిన స్త్రీలు దానిని అందుకోవడం, నడుమ పాలకులను ఎద్దేవా చేయడం, ఇదంతా బుర్రకథ విన్న చెవులకు కొత్తగా అనిపించదు. పాటలు సాగేది పిడ్జిన్ ఇంగ్లీషులో కనుక ఓపిగ్గా వింటే సగమైనా అర్థమవుతాయి.

తరువాతి తరంలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నవాడు ఫెమీ కొడుకు మాడే కుటీ. లండన్‌లో సంగీతం చదివిన అతడు 2021లో వచ్చిన తన మొదటి ఆల్బమ్‌లో వాద్యాలన్నీ తానే వాయించాడు. అతని పాటలు తాత పాటలంత పొడవుగా ఉండవు, వాద్య రచన మాత్రం మరింత చిక్కగా ఉంటుంది. ఫెలా పాత బృందం ‘ఈజిప్ట్ 80’ని నడిపిస్తున్న ఆయన చిన్న కొడుకు షేయున్ కుటీ దగ్గర ఆగ్రహం, వేగం ఎక్కువ. కుటీ కుటుంబానికి బయట అడే బాంటు నాయకత్వంలోని పదమూడుగురి బృందం ‘బాంటు’ను తప్పక వినాలి. వారు 2013లో లాగోస్ ఐలాండ్‌లోని ఫ్రీడమ్ పార్క్‌లో నెలవారీ కచేరీలు మొదలుపెట్టారు. ఒకప్పటి వలస ప్రభుత్వపు జైలు అది. 2010లో ఉద్యానంగా మారింది. అక్కడ శబ్దం చెదిరిపోయినా, ష్రైన్ వాతావరణానికి జంకే కుటుంబాలకు అదే నయం.

ఇకేజాలోనే ఫెలా చివరి రోజుల్లో నివసించిన ఇల్లు 2012 నుంచి కలకూటా మ్యూజియంగా ఉంది. ఆయన పడకగది, వరుసగా పేర్చిన బూట్లు, ముంగిట్లో సమాధి ఉన్నాయి. వివరణ పలకలు అరకొరగా ఉన్నాయి కాబట్టి, 1977 ఫిబ్రవరిలో సైనికులు తగలబెట్టిన ఫెలా పాత ఇల్లు, అంటే మొదటి కలకూటా, వేరే చోట ఉండేదని ముందే తెలుసుకుని వెళ్ళడం మంచిది. ఒక పూట చాలు.

తిరుగు ప్రయాణంలో లండన్‌లో ఆగితే అక్కడి ఆఫ్రోబీట్‌ను కూడా వినవచ్చు. ఫెలా దగ్గర కీబోర్డు వాయించిన డేలే సోసిమీ అక్కడే స్థిరపడ్డాడు. కోకోరోకో బృందం ఆఫ్రోబీట్‌ను నెమ్మదిగా, మెత్తగా వాయిస్తుంది. 2023లో బ్రిటన్ సంగీత పురస్కారం మెర్క్యురీ బహుమతి గెలిచిన ఎజ్రా కలెక్టివ్ దానిని జాజ్‌తో కలుపుతుంది. కామ్డెన్‌లోని జాజ్ కెఫేలో ధ్వని నాణ్యత ష్రైన్ కంటే ఎన్నో రెట్లు మెరుగు. పై అంతస్తులో కూర్చుని భోంచేస్తూ వినవచ్చు. కానీ పాట వేడెక్కేసరికి నిర్ణీత సమయం అయిపోతుంది.

శాకాహారులకు లాగోస్‌లో వేయించిన పెద్ద అరటిపండు ముక్కలు, బొబ్బర్లు దొరుకుతాయి. జొల్లోఫ్ అన్నాన్ని మాంసపు రసంతో వండారేమో అడిగి తీసుకోవాలి. పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే వేయించుకోవాలి. ఆ ధ్రువపత్రం లేకుండా తిరిగివస్తే మన విమానాశ్రయంలో ఆరు రోజుల వరకు విడిగా ఉంచే అధికారం అధికారులకు ఉంది. అక్టోబరు 15 ఫెలా పుట్టినరోజు. ఆ రోజుల్లో జరిగే ఫెలాబ్రేషన్ ఉత్సవంలో ఒకే వేదిక మీద అనేక బృందాలను చూడవచ్చు కానీ, ఒక్కొక్కరికి దక్కేది కొద్ది సమయమే, పైగా ఇకేజాలో గదులు ముందే నిండిపోతాయి. బృందాన్ని నిదానంగా వినాలనుకుంటే మామూలు వారాల్లో, గురువారం, ఆదివారం రెండూ కలిసివచ్చేలా టికెట్లు తీసుకోవాలి.