కామన్ ఎమిటరా, ఎమిటర్ ఫాలోవరా: రెండు దశల సర్క్యూట్‌లో గుర్తుపట్టడం

ట్రాన్సిస్టర్‌కు మూడు కాళ్లు: బేస్, కలెక్టర్, ఎమిటర్. దాన్ని సర్క్యూట్‌లో కలిపే పద్ధతుల్లో రెండు కామన్ ఎమిటర్, ఎమిటర్ ఫాలోవర్ (క్లుప్తంగా ఫాలోవర్). కలెక్టర్‌లో రెసిస్టర్ కనిపించగానే కామన్ ఎమిటర్ అనేయకండి. ఫాలోవర్‌లో కూడా రక్షణ కోసం కలెక్టర్‌కు 100 ఓమ్‌లు పెడతారు. చూడాల్సింది సిగ్నల్ దారి: కెపాసిటర్లను షార్ట్‌గా (ఉత్త తీగలా), సప్లై లైన్‌ను గ్రౌండ్‌గా అనుకుని, సిగ్నల్ ఏ కాలులో దిగి ఏ కాలు నుంచి బయటికొస్తోందో వెతకండి. రెండింటికీ బేస్‌లోనే దిగుతుంది. కలెక్టర్ నుంచి వస్తే కామన్ ఎమిటర్, ఎమిటర్ నుంచి వస్తే ఫాలోవర్.

12 వోల్టుల సర్క్యూట్ ఒకటి తీసుకుందాం. మొదటి ట్రాన్సిస్టర్‌కు కలెక్టర్‌లో 4.7 కిలో ఓమ్‌లు, ఎమిటర్‌లో 1 కిలో ఓమ్, దానికి సమాంతరంగా 100 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్; కరెంటు 1 మిల్లీఆంప్. కలెక్టర్ దగ్గర 7.3 వోల్టులు. రెండోదాని బేస్ నేరుగా అక్కడికే, ఎమిటర్ 6.6 వోల్టుల దగ్గర, దాని నుంచి గ్రౌండ్‌కు 2.2 కిలో ఓమ్‌లు.

మొదటిది దాదాపు 180 రెట్లు పెంచి, తరంగాన్ని తిరగేస్తుంది. రెండోది ఒకటికి కాస్త తక్కువ ఇస్తుంది, తిరగేయదు. అలాగని అది దండగ కాదు: 1 కిలో ఓమ్ లోడ్‌ను (సిగ్నల్ అందుకునే భాగాన్ని) మొదటి కలెక్టర్‌కే కెపాసిటర్‌తో తగిలిస్తే గెయిన్, అంటే సిగ్నల్ పెరిగే రెట్లు, 32కి పడిపోతుంది. ఫాలోవర్ ఉంటే చాలావరకు నిలుస్తుంది. కానీ అదే లోడ్‌తో ఫాలోవర్ కింది వైపు సుమారు 2 వోల్టులు దిగేసరికే తరంగాన్ని కత్తిరిస్తుంది, ఎందుకంటే కిందికి లాగేది ఎమిటర్ రెసిస్టరే.

మొదటిదాని గెయిన్ 5కి పడితే ముందు 100 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ ఎండిపోయిందేమో చూడండి. అప్పటికీ అది కామన్ ఎమిటరే.