ఇల్లంతా పాట, మధ్యలో మాట: చాలాకాలం వాడాక నా సమీక్ష

అన్ని గదుల్లో ఒకే పాట వినిపించడం ఇప్పుడు పెద్ద విద్యేమీ కాదు. ఆ పాట మధ్యలో ఇల్లు నోరు విప్పి "వాషింగ్ మెషీన్ పని అయిపోయింది" అని చెప్పాలి, చెప్పాక పాట ఆగినచోటి నుంచే అందుకోవాలి, ఈలోగా ఎవరి చెవులూ చిల్లులు పడకూడదు. అసలు పరీక్ష అది. మా ఇంట్లో కొన్నేళ్లుగా నడుస్తున్న ఏర్పాటు ఆ పరీక్షలో చాలావరకు నెగ్గింది, కొన్నిచోట్ల ఇప్పటికీ తడబడుతోంది.

సరంజామా పెద్దదేమీ కాదు. గదికొక రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటర్, దానికొక చిన్న యాంప్లిఫయర్, ఎప్పటివో పాత స్పీకర్లు. మేడమెట్ల కింద ఉన్న పాత కంప్యూటర్‌లో ఇంట్లోని యంత్రాలను కలిపి నడిపే హోమ్ అసిస్టెంట్, పాటల సంగతి చూసుకునే మ్యూజిక్ అసిస్టెంట్. గదులన్నిటినీ ఒకే తాళంలో ఉంచేది స్నాప్‌కాస్ట్. మూడూ ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లే, అంటే వాటి కోడ్ ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చు. కావాలనే ఈ దారి పట్టాను. లాజిటెక్ సంస్థ ఇంటి నెట్‌వర్క్ మీద పాటలు వినిపించే స్క్వీజ్‌బాక్స్ పెట్టెల తయారీని 2012లో ఆపేసినా, వాటి సర్వర్ సాఫ్ట్‌వేర్ అందరి చేతుల్లో ఉండబట్టి లిరియన్ పేరుతో నేటికీ బతికే ఉంది. గోడలు తొలిచి తీగలు లాగాక, ఎక్కడో ఉన్న సంస్థ మనసు మార్చుకుంటే మూగబోయే పెట్టెలను నమ్ముకోవడం నాకు ఇష్టం లేదు.

పాటల విషయంలో ఫిర్యాదు లేదు. మా హాలుకీ వంటగదికీ మధ్య తలుపు లేదు కాబట్టి తేడా ఉంటే వెంటనే పట్టుబడుతుంది. రెండు స్పీకర్ల మధ్య 50 మిల్లీ సెకన్ల తేడా వస్తే చాలు, మాట వెనకే దాని నీడలా మరో మాట వినిపిస్తుంది. స్నాప్‌కాస్ట్‌లో ఆ తేడా సాధారణంగా 0.2 మిల్లీ సెకన్ల లోపే ఉంటుంది. హాల్లోంచి వంటగదిలోకి నడుస్తుంటే పాట మనతోపాటే నడిచి వస్తుంది. ఇందుకోసం అది శబ్దాన్ని ముందుగా ఒక సెకను నిల్వ ఉంచుకుని వాయిస్తుంది. పాటకు ఆ సెకను లెక్కలోకి రాదు. గుమ్మం ముందు నిలబడి బెల్లు నొక్కిన మనిషికి మాత్రం వస్తుంది. లోపల ఏ చప్పుడూ వినిపించక మళ్లీ నొక్కుతాడు, ఆ తర్వాత ఇల్లు "ఎవరో వచ్చారు" అని రెండుసార్లు చెబుతుంది. అందుకే పాత కరెంటు బెల్లును పీకేయనివ్వలేదు.

ఇక మాటల సంగతి. మొదట్లో అన్నీ చెప్పించాను: ట్యాంకు నిండింది, మోటారు ఆగింది, వీధిదీపం వెలిగింది, బయట ఎండ ముదిరింది. వారం తిరగకుండానే ఇల్లు అత్తగారి పెత్తనంలా తయారైంది. తర్వాత ఒక నియమం పెట్టుకున్నాం. యంత్రం తనంతట తాను చేయగలిగిన పని నోరు మూసుకుని చేయాలి, మనిషి చేయి పడాల్సిన చోటే మాట్లాడాలి. ట్యాంకు నిండితే మోటారు తానే ఆగుతుంది, ఇక చెప్పేదేముంది? అదే ఉతికిన బట్టలనైతే మనిషే తీసి ఆరేయాలి, వానాకాలంలో గంట ఆలస్యమైనా వాసన పడతాయి. ఫ్రిజ్ తలుపు తెరిచి ఉండిపోవడం, కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తుండగా ఎవరో గీజరు వేయబోవడం, ఇవి చెప్పదగ్గ మాటలు.

గ్యాస్ హెచ్చరిక కోసం ఎక్కువ ఆలోచించాల్సి వచ్చింది. వంటగ్యాస్ గాలికన్నా బరువు, నేల మీదే పరుచుకుంటుంది కాబట్టి సెన్సర్‌ను సిలిండర్ దగ్గర కిందికి బిగించాలి. వాసన తగలగానే ఎగ్జాస్ట్ ఫ్యాను దానంతటదే తిరిగేలా పెడదామని ఎవరికైనా తోస్తుంది. అది ప్రాణాంతకం, స్విచ్చులో పుట్టే నిప్పురవ్వ చాలు. మా ఇంట్లో ఆ క్షణంలో ఏ స్విచ్చూ కదలదు. పాట ఆగి "గ్యాస్ లీకవుతోంది. స్విచ్చులు ముట్టుకోవద్దు. కిటికీలు తెరిచి బయటికి రండి" అన్న మాట ఆగకుండా వస్తుంది. అత్యవసర నంబరు 1906ను గుమ్మం బయట గోడ మీద రాసిపెట్టాం. సెన్సర్‌కు సొంత బజర్ ఉండి తీరాలి. వైఫై మీద ఆధారపడిన గొంతును ప్రాణాలకు కాపలా పెట్టకూడదు.

తెలుగు గొంతులకు కరవు లేదు. మైక్రోసాఫ్ట్ వారి శ్రుతి, మోహన్ గొంతులు బాగానే పలుకుతాయి, గూగుల్ గొంతు కాస్త బిగుసుకుపోయినట్టు ఉంటుంది. వీటికి ఇంటర్నెట్ కావాలి, మా వీధిలో గాలివాన వస్తే ముందు పోయేది అదే. కాబట్టి ఎప్పుడూ మారని వాక్యాలను మా అమ్మాయి చేత చదివించి ఫైళ్లుగా దాచుకున్నాం. యంత్రం ఫ్రిజ్ తలుపు వేయమంటే ఎవరూ లేచేవారు కారు. ఇప్పుడు మనవరాలి గొంతు వినగానే అమ్మ "వస్తున్నానే" అంటూ లేస్తుంది.

నాన్నగారి ఫిర్యాదు మాత్రం న్యాయమైనదే. ఆయన వినేది ఆకాశవాణి వార్తలు. పాటనైతే ఆపి మళ్లీ అందుకోవచ్చు, ప్రత్యక్ష ప్రసారం మనకోసం ఆగదు. మధ్యలో బట్టల కబురు వస్తే సగం వార్త గాలికి పోతుంది. అందుకే రేడియో మోగుతున్న గదికి అత్యవసరం కాని మాటలు వెళ్లకుండా చేశాను. రాత్రి పది దాటాక ఇదే నియమం ఇల్లంతటికీ.

ఇలాంటిది మొదలుపెట్టేవారికి రెండు విషయాలు చెప్పాలి. హోమ్ అసిస్టెంట్‌లో మాట చెప్పే స్క్రిప్టు (వరుసగా చేయాల్సిన పనుల జాబితా) సాధారణంగా 'సింగిల్' పద్ధతిలో ఉంటుంది. ఒక మాట నడుస్తుండగా రెండోది వస్తే దాన్ని వదిలేస్తుంది. దాన్ని 'క్యూడ్'కు మార్చండి, మాటలు వరుసలో వస్తాయి. రెండోది కరెంటు. ఇన్వర్టర్‌ను త్వరగా బ్యాటరీకి మారే యూపీఎస్ మోడ్‌లో పెట్టకపోతే, కరెంటు పోయిన ప్రతిసారీ మారే ఆ లిప్తపాటులో రాస్ప్‌బెర్రీ పైలన్నీ ఆరిపోయి మళ్లీ లేస్తాయి. మెమరీ కార్డులు పాడయ్యేది అలాగే.

తేలనిది టీవీ ఒక్కటే. దాని శబ్దాన్ని స్నాప్‌కాస్ట్‌లోంచి పంపితే ఆ సెకను ఆలస్యానికి పెదవులూ మాటా కలవవు. విడిగా వదిలేస్తే ఇల్లు చెప్పే మాట దాని హోరులో మునిగిపోతుంది. మాట వచ్చినప్పుడు టీవీ గొంతు తగ్గేలా ఒకసారి పెట్టి చూశాను, సీరియల్ మధ్యలో. అమ్మ ఒప్పుకోలేదు. ఆ వేళలో వాషింగ్ మెషీన్ వేయడం మానేశాం.